మూరకీ మీటరుకీ మధ్య

ముక్తేశ్వరరావు మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన ముందు చెప్పులు వెతుక్కుంటారు. కాలేజీలో ముప్ఫై మూడేళ్ళు అర్థశాస్త్రం చెప్పి, రిటైరై పన్నెండేళ్ళయినా, కూర్చున్న చోట కూర్చుని ఒక్క సందేహం తీర్చిన పాపాన పోలేదు. "పద" అంటారు. శిష్యుడు వెనకాల నడవాలి. ధరల గురించి అడిగినవాణ్ణి చేపల రేవుకి తీసుకెళ్ళారనీ, పన్నుల గురించి అడిగినవాణ్ణి మంగలి కొట్లో కూర్చోబెట్టారనీ, నిరుద్యోగం గురించి అడిగినవాణ్ణి ఎవరిదో పెళ్ళి భోజనాల పందిట్లోకి నడిపించారనీ చెప్పుకుంటారు. ఆ చివరివాడు జవాబు మర్చిపోయాడు గానీ, ఆనాటి గుత్తివంకాయ కూర గురించి ఇప్పటికీ చెబుతాడు. అందుకని తెలివైన శిష్యులు ఎండ దిగితే గానీ ప్రశ్న అడగరు.

బొడ్డు సాంబమూర్తి తెలివైన శిష్యుడు కాడు. ఎండ నెత్తిన పెళపెళలాడుతున్న రెండున్నర గంటలకి, గొడుగైనా లేకుండా, ప్రశ్న జేబులో పెట్టుకుని వచ్చాడు.

సాంబమూర్తిది మార్కెట్ యార్డులో కాటా దగ్గర ఉద్యోగం. బడి చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. ఆ పైచదువంతా బజ్జీల బండి దగ్గర. పొట్లం విప్పడం, బజ్జీ నోట్లో పెట్టుకోవడం, నూనె మరకల మధ్య మిగిలిన అక్షరాలు కూడబలుక్కోవడం. పొట్లానికి సగం కాగితమే పడుతుంది గనక అతని విద్య అంతా సగం సగంగా అబ్బింది. కొన్నిటికి కారణాలు తెలుసు, ఫలితాలు తెలియవు. కొన్నిటికి ఫలితాలు తెలుసు, కారణాలు ఇంకెవరి బజ్జీలకో పోయాయి. ఈ లోటు అతను దాచుకోడు. "నాది నూనె చదువండీ, పట్టుకుంటే జారిపోతుంది" అని ఎదుటివాడు అనకముందే తనే అంటాడు. ఈ కథ చెబుతున్నవాడిదీ అదే బండి, అదే చదువు. కాబట్టి నవ్వే హక్కు లేదు.

ఆ సాయంత్రం ఆరు గంటలకి ఆడపిల్లల హైస్కూల్లో వార్షికోత్సవం. పొదుపు గురించి మాట్లాడవలసిన పెద్దమనిషికి జ్వరం తగిలింది. బడి కమిటీలో ఖాళీగా కనిపించిన సాంబమూర్తికి ఆ అయిదు నిమిషాలూ అంటగట్టారు. అతను మూడు రోజులు తన పొట్లాల కట్ట తిరగేసి, చివరికి దొరికిన ముక్కని ఇప్పుడు మాస్టారి ముందు పరిచాడు.

"'గబగబా ఎదుగుతున్న దేశాల్లో ప్రజలు, ఎదుగూ బొదుగూ లేని దేశాల వారి కంటే, తమ రాబడిలో ఎక్కువ భాగం మిగులుస్తున్నారు. దీనికి అసలు కారణం...' అంతేనండి. అక్కడ చిరిగింది. బండి దగ్గరికెళ్ళి, మిగతా సగం ఎవరికి కట్టావమ్మా అని కూడా అడిగాను. మిరపకాయ బజ్జీ తిన్నాయనకి అంది. ఊళ్ళో తిననివాడెవడండి?"

మాస్టారు కళ్ళు మూసుకుని విన్నారు.

"నాకు బోధపడనిది ఒక్కటేనండి. రేపు ఇవాళ్టి కంటే ఎక్కువొస్తుందని తెలిసినవాడు ఇవాళే జల్సా చేసుకోవాలి కదా? రాదని తెలిసినవాడు బిక్కుబిక్కుమంటూ దాచుకోవాలి. మరి లోకం ఇలా తిరగబడి ఉందేంటండి? ఆలోచించి ఆలోచించి, జనం బుద్ధిమంతులని రాసుకున్నాను. పొదుపు మన రక్తంలోనే ఉందని ముగించాను. సరిపోతుందంటారా?"

"రక్తంలో ఉంటే నీకేదీ?" అన్నారు మాస్టారు, చెప్పుల కోసం మంచం కిందికి వంగుతూ. "పద."

నడిచి నడిచి గడియారం వీధిలో మేడమెట్ల కింద ఉన్న మీరాబీ కుట్టుకొట్టు ముందు ఆగారు. మీరాబీకి యాభై అయిదేళ్ళుంటాయి. కళ్ళజోడు ఒక పక్క విరిగితే దారంతో కట్టుకుంది. ముప్ఫై ఏళ్ళుగా ఆ వీధి ఆడపిల్లల ఒంటి కొలతలన్నీ పుస్తకం లేకుండా ఆమె నోట్లోనే ఉన్నాయి. మాస్టారిని చూసి, స్టూలు మీది గుడ్డపేలికలు దులిపి, వెనకున్న సాంబమూర్తి వైపు ఎగాదిగా చూసింది.

"ప్రశ్న ఈయనదా మాస్టారూ? పాపం, చెమటలు కారిపోతున్నాడు. ఇవాళ నా కొట్టు మీద పడ్డారా?"

"ఊరికే కూర్చుంటాం మీరాబీ. నీ పని నువ్వు చేసుకో."

మాస్టారికి తను ఏం చూపించబోతున్నారో ముందు తెలుసా అన్నది శిష్యుల్లో ఎప్పుడూ ఉన్న తగువే. తెలియదనే వారే ఎక్కువ. నిజంగానే ముప్పావుగంట ఏమీ జరగలేదు. మిషను టకటకలాడింది. సాంబమూర్తి గోడ గడియారం వైపు చూశాడు, దేశాల పొదుపు గురించి ఆలోచించాడు, కాస్త కునుకు తీశాడు. తన ఉపన్యాసం సంగతేమిటని లేవబోతుండగా, ఒక తల్లీ కూతురూ దాదాపు పరుగు మీద మెట్ల కిందికి వచ్చారు.

తల్లి పేరు నాగరత్నం. రొయ్యల ఫ్యాక్టరీలో పని. పనిలోంచే లేచి వచ్చినట్టుంది, జుట్టు మీద నీలం టోపీ తియ్యడం మర్చిపోయింది. కూతురు లాస్యకి పన్నెండేళ్ళు. చంకలో ఒక లంగా. కళ్ళలో నీళ్ళున్నాయి గానీ వాటిని కిందికి రానివ్వడం లేదు.

"అక్కా, ఇది పొట్టిదైపోయింది. ఆరింటికి పాట. ఏదో ఒకటి చెయ్యి."

సంగతి ఇదీ. నాలుగేళ్ళ కిందట రొయ్యల ఫ్యాక్టరీ తెరిచిన ఏడు, మొదటి జీతాలందుకున్న ఇళ్ళన్నీ ఆడపిల్లలకి ఒకే రంగు లంగాలు కుట్టించాయి. వంగపండు రంగు. బజార్లో అప్పుడు ఆ రంగు తానులే దిగాయి. ప్రతి ఇంట్లోనూ ఉంది కదా అని పాటల టీచరు ప్రార్థన పాడే పిల్లలందరినీ ఆ రంగు లంగాతో రమ్మంది. అందరికంటే ముందు పాట ఎత్తుకునేది లాస్య. తీరా ఇవాళ మధ్యాహ్నం తొడుక్కుని చూస్తే, చీలమండల పైకి బెత్తెడు లేచి ఉంది. కాళ్ళు కనపడే పిల్లలు వెనక వరసలో నిలబడాలని టీచరు ఖండితంగా చెప్పింది.

"వెనక నిలబడితే పాట ఎత్తుకోవడానికి లేదు," అంది లాస్య. "ప్రశాంతి ఎత్తుకుంటుంది. దానికి శ్రుతే లేదు."

"ఉండవే. కొత్తది కొందామంటే బజారంతా తిరిగానక్కా, ఈ రంగే లేదు. ఉన్నా, కుట్టడానికి వేళేదీ? ఇప్పుడు డబ్బు కాదు లోటు. గుడ్డే లోటు. రెండు మడతలున్నాయి కదా, మొదటిది రెండేళ్ళ కిందటే విప్పేశావు, రెండోది నిరుడు విప్పావు. ఇంకేం మిగిలింది విప్పడానికి?"

మీరాబీ లంగా అందుకుని ఒళ్ళో పరుచుకుంది. ఎండకీ సబ్బుకీ వెలిసిపోయి పైభాగమంతా ఉల్లిపొర రంగుకి వచ్చింది. కింద మొదటి మడత విప్పిన పట్టీ కాస్త ముదురు. దాని కింద నిరుడు విప్పింది ఇంకాస్త ముదురు. ఆమె లంగాని లోపలివైపుకి తిరగేసి, బొటనవేలితో ఒకచోట నొక్కి చూసింది. పెదవి చివర నవ్వింది.

"నాగరత్నం, ఈ గుడ్డ తెచ్చిన రోజు గుర్తుందా నీకు?"

"ఎందుకు లేదు? మొదటి జీతం. తిన్నగా బట్టల కొట్టుకెళ్ళి మూడు మూరలు తెచ్చాను."

"ఎన్ని?"

"మూడు మూరలక్కా. ఎనిమిదేళ్ళ పిల్లకి అంతకంటే ఎందుకు? మా అమ్మ నాకంతే తెచ్చేది. మడతకి ఒక్క అంగుళం మిగిలేది కాదు."

"కొట్లో ఏమని అడిగావు?"

"మూడు ఇమ్మన్నాను."

"మూడు ఇమ్మన్నావు. అతను ఇచ్చాడు. ఎంతయిందో చూళ్ళేదా?"

"చూశాను. చాలానే అయింది. పెరిగాయి కాబోలు ధరలు అనుకున్నాను. చేతిలో జీతం ఉంది, ఇచ్చేశాను. అది సరే, ఇప్పుడదంతా ఎందుకు?"

"ఎందుకంటే, ఆ కొట్టు కుర్రాడు పుట్టాక మూర అన్న మాట వినలేదు. నువ్వు మూడంటే మూడు మీటర్లు కోసి ఇచ్చాడు. మూడు మీటర్లంటే ఆరు మూరల పైమాట. నేను చెబుదామనుకునేసరికి గుడ్డ ఇక్కడ పడేసి బస్సుకి పరిగెత్తావు."

నాగరత్నం నోరు తెరుచుకుంది. "మరి మిగిలింది?"

"మిగిలిన ముక్క దర్జీదే కదా, తాతల నాటి ఆచారం. నాకు రెండు జాకెట్లొచ్చేవి. నా ఒంటికి ఆ రంగు నప్పదని, మొత్తం నీ కూతురి లంగాలోనే పెట్టేశాను. రెండు మడతలు పైకి కనపడేలా వేశాను. తక్కినదంతా లోపలికి తిప్పి నడుం దాకా కుట్టాను."

"అది లైనింగ్ కాదా?" అంది నాగరత్నం. "లైనింగ్ వేసి కూడా కూలి ఎక్కువ అడగలేదు, మీరాబక్క మంచిదని ఫ్యాక్టరీ అంతా చెప్పాను! ఉతికినప్పుడల్లా పిండలేక చచ్చేదాన్ని. జీతగాళ్ళు కొనే గుడ్డ ఇలాగే బరువుగా ఉంటుందేమో అనుకున్నాను."

సాంబమూర్తి పకాలున నవ్వాడు. మాస్టారు నవ్వలేదు. స్టూలు మీద కొంచెం ముందుకి జరిగి కూర్చున్నారు. అది చూసి సాంబమూర్తి నవ్వు మధ్యలో ఆపేశాడు.

మీరాబీ బ్లేడు అంచుతో ఒక కుట్టు తెంపి, దారం కొస పట్టి లాగింది. నాలుగేళ్ళ కుట్టు చీమల బారులా కదిలి బయటికి వచ్చింది. లోపలి గుడ్డ వదులై, బెత్తెడు కిందికి జారి, మెట్ల సందులోంచి పడుతున్న ఎండలోకి వచ్చింది.

అది వంగపండు రంగు. పొద్దున్నే మొక్కన తడిగా వేలాడే కాయకుండే రంగు. పైనున్న ఉల్లిపొరా, పట్టీలూ దాని ముందు పొగలా ఉన్నాయి. ఆ పిల్లతో పాటే నాలుగేళ్ళూ బడికెళ్ళింది, తిరణాలకెళ్ళింది, వానలో తడిసింది, దండెం మీద ఎండింది. అయినా ఒక్క రోజు వయసు దాని మీద పడలేదు. ఎండకి తను ఉన్నట్టే తెలియనివ్వకుండా ఎండలోనే తిరిగింది.

వీధిలో ఆటో ఒకటి వెళ్ళిన చప్పుడు ఎక్కడో దూరాన వినిపించినట్టుంది. రొయ్యల ఐసుకి పగిలిన వేళ్ళతో నాగరత్నం ఆ పట్టీని ముట్టుకుంది. గుడ్డకి నొప్పి పుడుతుందన్నట్టు ముట్టుకుంది.

"ఇదా నేను కొన్నది?" అంది. "ఇంత బావుందా?"

సాంబమూర్తికి ఎందుకో బజ్జీలు గుర్తొచ్చాయి. యార్డులో చేరిన కొత్తలో రోజుకి నాలుగు బజ్జీలు తినేవాడు. ఇప్పటికి జీతం నాలుగింతలైంది. ఇవాళా నాలుగే తింటున్నాడు. అయిదోది తిందామని ఒక్కనాడూ తోచలేదు. వద్దనుకుని మానలేదు, బుద్ధిమంతుడై మానలేదు, రేపటికని దాచనూ లేదు. చెయ్యి నాలుగు దగ్గర ఆగడం నేర్చుకుంది, అంతే. మరి ఆ మిగతావన్నీ ఏమయ్యాయి? ఎక్కడో లోపలికి తిరిగి, లైనింగ్ లాగా, బరువుగా ఉండే ఉంటాయి. ఇంటావిడకి తెలిసే ఉంటుంది. ఈ ఆలోచనతో అతనికి తన ఇల్లే కొత్తగా కనిపించింది. ఆ వెంటనే వీధిలో ఇళ్ళన్నీ కొత్తగా కనిపించాయి. ప్రతి గోడ వెనకా ఎండ చూడని వంగపండు రంగు బెత్తెడో జానెడో ముడుచుకుని ఉన్నట్టనిపించింది.

మీరాబీ కొత్త అంచు మడిచి మిషను కింద పెట్టింది. "ఈ ఏటికి బెత్తెడు చాలు. లోపల ఇంకా మూరకి పైనే ఉంది. పెళ్ళీడు దాకా ఎదగవే తల్లీ, నీకు భయం లేదు."

"మూర అంటే ఏంటమ్మా?" అంది లాస్య.

నాగరత్నం వింతగా చూసింది, ఊపిరి అంటే ఏమిటని అడిగినట్టు. తర్వాత మోచెయ్యి కుట్టుబల్ల మీద ఆనించి, నడిమివేలు చాపింది. "ఇదే. ఇక్కణ్ణించి ఇక్కడిదాకా."

లాస్య తన మోచెయ్యి తెచ్చి తల్లి మోచేతి పక్కన ఆనించింది. చాపింది. కూతురి వేలు తల్లి వేలిని దాటి అర అంగుళం ముందుకి పోయింది.

"మరి లెక్క నీ మూరకా, నా మూరకా?"

మీరాబీ మిషను తొక్కడం ఆపి ఆ రెండు చేతుల వైపూ చూసింది. మాస్టారు కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

కుట్టు అయిదింటికి ముగిసింది. లాస్య అక్కడే తొడుక్కుని చూసుకుంది. చీలమండలు కప్పింది గానీ మొహం మళ్ళీ ముడుచుకుంది.

"కింద వేరే రంగు. నవ్వుతారు."

"నవ్వితే నవ్వనీ. నవ్వడానికి కిందికి చూస్తారు కదా, చూశాక నవ్వు రాదులే," అంది మీరాబీ, నోట్లో సూది తీసి. "పో, వేళైంది."

ఆరింటికి బడి ఆవరణలో దీపాలు వెలిగాయి. సాంబమూర్తిని వక్త గనక ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. వేదిక ఎత్తు, కుర్చీ పల్లం. తెర లేచేసరికి అతని కళ్ళకి ఎదురుగా పిల్లల మొహాలు లేవు, లంగా అంచులున్నాయి. ఇరవై మంది. ఒక లంగాకి ఒక పట్టీ. ఇంకోదానికి రెండు. లాస్యకి మూడు. ప్రతి అంచూ పైన ఉల్లిపొర, కిందికొచ్చే కొద్దీ వంగపండు. ఎవరి తల్లి ఎప్పుడు విప్పించిందో, ఏ ఏడు ఏ పిల్ల ఎంత పొడవైందో, వరసంతా నేలకి బెత్తెడు ఎత్తున రాసి ఉంది. మడత లేనిది ఒక్క ప్రశాంతి లంగా. వాళ్ళది మూడు తరాల రైసుమిల్లు. పట్నం నుంచి నిన్ననే తెప్పించిన లంగా, ఒంటికి గీత గీసినట్టు సరిపోయింది. ఆ పిల్ల రెండుసార్లు తల వంచి పక్కవాళ్ళ పట్టీల వైపు చూడ్డం సాంబమూర్తి గమనించాడు.

అప్పుడు లాస్య పాట ఎత్తుకుంది. ఆ గొంతు మొదటి వాక్యంలో కొంచెం వణికి, రెండో వాక్యంలో నిలబడి, మూడో వాక్యానికి ఆవరణంతా తనదే చేసుకుంది. గోడ పక్కన నిలబడ్డ నాగరత్నం తల మీది నీలం టోపీ తీసి గుండెకి హత్తుకుంది. తను దాచానని ఎరగకుండా దాచింది వేదిక మీద వెలుగుతోంది. పాట అయ్యేదాకా సాంబమూర్తి రెప్ప వెయ్యలేదు.

తర్వాత అతని పేరు పిలిచారు. మైకు ముందుకెళ్ళి కాగితం విప్పాడు. పొదుపు మన రక్తంలో ఉంది అన్న వాక్యం కనిపించింది. దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఎదిగే చోట జనం ఎందుకు మిగులుస్తారో చెప్పాలని వచ్చానండి. దీనికి అసలు కారణం..." అని ఆగాడు. అతని కాగితమూ అక్కడే చిరిగిందని సభకి తెలియదు. వెనక్కి తిరిగి పిల్లల వరస వైపు ఒకసారి చేతులెత్తి దండం పెట్టి, దిగిపోయాడు. చప్పట్లు మోగిపోయాయి. ఇంత చిన్న ఉపన్యాసం ఆ బడి పుట్టాక ఎవరూ వినలేదట.

సభకి వచ్చిన మాస్టారూ, సాంబమూర్తీ కలిసి ఇంటికి నడిచారు. సాంబమూర్తే ఉండబట్టలేక అడిగాడు.

"అయితే జనం బుద్ధిమంతులు కారన్నమాటేనా మాస్టారూ?"

"అయ్యుండొచ్చు. అది వేరే నడక."

ఇంకో పది అడుగులు వేశారు. ముందు దూరంగా నాగరత్నం, లాస్య వెళుతున్నారు. పిల్ల దారి పక్క ప్రహరీ గోడ మీద మోచెయ్యి ఆనించి, వేలు చాపి, మళ్ళీ మోచెయ్యి ఆనించి, గోడ ఎన్ని మూరలో కొలుస్తూ నడుస్తోంది. నాలుగు మూరలు కొలిచి లెక్క తప్పింది. విసుగొచ్చి మానేసి తల్లి కంటే ముందుకి పరిగెత్తింది.

"మరి ఈ మిగలడం ఎంతకాలమండి ఇలా?"

మాస్టారు ఆగి, ఆ పరుగు కనుమరుగయ్యేదాకా చూశారు.

"ఆ పిల్ల బట్టల కొట్టుకెళ్ళి, మీటర్లే మనసులో పెట్టుకుని 'మూడు ఇవ్వు' అనేదాకా."